క్యాంపస్ ల్యాబ్‌లో పుట్టిన కంపెనీ: ప్రొఫెసర్లతో, పరిశ్రమతో కలిసి పనిచేయడం ఎలా

మీ సెన్సర్ ల్యాబ్ బల్ల మీద చక్కగా పనిచేస్తోంది. గైడ్ "కంపెనీ పెడదాం" అంటున్నారు. కొత్త కంపెనీలకు చోటు, సాయం ఇచ్చే ఇంక్యుబేటర్‌లో గది ఇస్తామని డీన్ ఆఫీసు మాట ఇచ్చింది. ఎవరి ద్వారానో ఒక పెద్ద కంపెనీ మేనేజరు నంబరు కూడా దొరికింది. ఇక్కడి నుంచి ఏ పని తర్వాత ఏ పని చేయాలో చెబుతాను. పీహెచ్‌డీ స్కాలర్లు, వాళ్ల గైడ్లు, కోర్సు అయిపోయినా ల్యాబ్ వదల్లేక ప్రాజెక్ట్ స్టాఫ్‌గా ఉండిపోయినవాళ్లు, వీళ్లందరినీ మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

యూనివర్సిటీలోంచి పుట్టిన కంపెనీకి, అంటే స్పిన్-ఆఫ్‌కు, మొదటి రోజు నుంచే రెండు దిక్కులు ఉంటాయి: ఒకటి విద్యాసంస్థ, రెండోది పరిశ్రమ. రెండూ కావాలి. కానీ రెండు చోట్లా ఒకే సాయం అడిగితే రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి. చేతిలో ఎంఓయూలు, సంతకాల రోజు తీసుకున్న ఫొటోలు తప్ప ఏమీ మిగలవు. భాగస్వామి పేరు ఎంత పెద్దదన్నది తర్వాతి సంగతి. మీకు తెలియనిది ఏమిటో ముందు తేల్చుకుని, అది చెప్పగలిగేవారి దగ్గరికి వెళ్లండి. మిగతా అడుగులన్నీ దీన్నిబట్టే ఉంటాయి.

మొదటి అడుగు: తెలియనివన్నీ కాగితం మీద పెట్టండి

మీ వస్తువు జనం చేతికి వెళ్లాలంటే ఇంకా తెలియాల్సినవన్నీ రాయండి. ఏడాది వాడాక కూడా సెన్సర్ ఇదే రీడింగ్ ఇస్తుందా? విశాఖ గాలిలోని తేమకు పూత ఊడిపోతుందా? ఒక్కోటి 200 రూపాయల్లో తయారుచేయగలమా? ఆస్పత్రిలో దీన్ని కొనాలని నిర్ణయించేది డాక్టరా, స్టోర్స్ ఇన్‌ఛార్జా? ఇలా రాస్తూ పోతే ఇరవై ముప్పై ప్రశ్నలు తేలతాయి.

ఇప్పుడు వాటిని విడదీయండి. లోకంలో ఇంకా ఎవరికీ జవాబు తెలియనివి యూనివర్సిటీ ల్యాబ్‌కు వెళ్లాలి. ఎవరికో తెలుసు కానీ మీకు తెలియనివి పరిశ్రమకు వెళ్లాలి. కొనేవాళ్ల మధ్య తిరిగితే తప్ప తెలియనివి మీ వాటా, వాటిని ఎవరికీ అప్పగించకండి. పూత ఊడిపోవడం లాంటి సమస్యను పీహెచ్‌డీ విద్యార్థికి ఇస్తే దాని మీద ఒక అధ్యాయం రాస్తాడు. అదే సమస్యను ఇరవై ఏళ్లుగా పూతల పనిలో ఉన్న ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ముందు పెడితే, బహుశా మధ్యాహ్నానికల్లా తేల్చేస్తాడు. సెన్సర్ లోపల ఉపరితలం మీద అణువులు ఎందుకు అలా పేరుకుంటున్నాయన్న ప్రశ్నకు మాత్రం ఆ సూపర్‌వైజర్ దగ్గర జవాబు ఉండదు.

ఈ విభజన మన దేశంలో ఎంత బాగా కుదిరిందో చూడాలంటే ఐఐటీ మద్రాస్‌లోని టెలికాం పరిశోధకుల బృందం టెనెట్ కథ తెలుసుకోవాలి. 1990ల మొదట్లో ఒక టెలిఫోన్ లైను వేయడానికి దాదాపు 40 వేల రూపాయలు ఖర్చయ్యేది. అంత పెట్టుబడి రాబట్టుకోవాలంటే కనెక్షన్ ఇచ్చిన సంస్థ ఏటా వేల రూపాయల బిల్లు వేయాలి. అంత కట్టగలిగిన ఇళ్లు దేశంలో ఎన్ని ఉంటాయి? ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా, ఆయన సహచరులు ఇక్కడి నుంచే లెక్క మొదలుపెట్టారు. లైను ఖర్చు 10 వేలకు దిగాలంటే ఏం చేయాలి? వాళ్ల జవాబు స్తంభం నుంచి ఇంటిదాకా తీగ లేకుండా నడిచే కార్‌డెక్ట్ వ్యవస్థ.

ఎవరు ఏం చేశారో గమనించండి. వ్యవస్థ ఎలా ఉండాలన్న లోతైన ఆలోచన ఐఐటీ ల్యాబ్‌లో జరిగింది. దాన్ని అమ్మదగ్గ వస్తువుగా మలిచింది అక్కడి పూర్వ విద్యార్థులు నడిపిన మైడాస్ కమ్యూనికేషన్స్. చిప్‌ల పనికి అమెరికాకు చెందిన అనలాగ్ డివైసెస్ తోడైంది. పెద్ద ఎత్తున తయారీకి లైసెన్సు తీసుకున్న కంపెనీల్లో మన హైదరాబాద్ ఈసీఐఎల్ కూడా ఉంది. ఎవరి దగ్గర ఏ జవాబు ఉందో వాళ్లు ఆ పని చేశారు. అందరినీ నడిపించింది మాత్రం ఆ 10 వేల రూపాయల ప్రశ్న ఒక్కటే. మీ కాగితం మీద కూడా అలాంటి అంకె ఒకటి ఉండాలి. అది లేకపోతే ప్రొఫెసర్‌తో మాట్లాడినప్పుడు ఒక వస్తువు, ఫ్యాక్టరీవాళ్లతో మాట్లాడినప్పుడు ఇంకో వస్తువు తయారవుతుంటుంది.

రెండో అడుగు: ఆవిష్కరణ ఎవరి పేరు మీద ఉందో తేల్చండి

ఈ పని విసుగు పుట్టిస్తుంది, అయినా దాటేయకండి. ల్యాబ్‌లో చేసింది నేనే కాబట్టి నాదే అనుకుంటారు చాలామంది. సంస్థ పరికరాలు, నిధులు గణనీయంగా వాడినా, చదువులో భాగంగా చేసినా, ఆ ఆవిష్కరణపై హక్కు ఆవిష్కర్తలకూ సంస్థకూ ఉమ్మడిగా ఉండాలని కేంద్ర విద్యాశాఖ 2019లో తెచ్చిన జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానం చెబుతోంది. చాలా సంస్థలకు సొంత ఐపీ (మేధోహక్కుల) పాలసీ కూడా ఉంటుంది. మీ సంస్థది తెచ్చుకుని ఒకటికి రెండుసార్లు చదవండి.

"ఉమ్మడి" అనగానే సగం సగం అనుకుని ఊరుకోకండి. మన పేటెంట్ల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, సహ యజమానుల్లో ఎవరైనా ఆ పేటెంట్‌ను సొంతంగా వాడుకోవచ్చు. కానీ మిగతా యజమానుల అంగీకారం లేకుండా మరొకరికి లైసెన్సు ఇవ్వడానికి గానీ, వాటా రాసివ్వడానికి గానీ కుదరదు. చట్టం దృష్టిలో మీ కంపెనీ కూడా "మరొకరే". ఆవిష్కర్త మీరే అయినా, కంపెనీ యజమాని మీరే అయినా, సంస్థ రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఆ పేటెంట్ కంపెనీ చేతికి రాదు. రేపు పెట్టుబడిదారు మొదట అడిగేది ఈ కాగితమే.

తర్వాత వరస. ముందు పేటెంట్ దరఖాస్తు, ఆ తర్వాతే పేపరు, పోస్టరు, ఓపెన్ డిఫెన్స్. థీసిస్‌లను అందరికీ అందుబాటులో ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో మీది పెట్టిన రోజున మీ ఆవిష్కరణ లోకానికంతా తెలిసిపోయినట్టే లెక్క, ఆ తర్వాత పేటెంట్ దొరకడం కష్టం. సమయం లేకపోతే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి, పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలలు దొరుకుతాయి. 2021లో వచ్చిన సవరణతో విద్యాసంస్థలకు పేటెంట్ ఫీజు 80 శాతం తగ్గింది, కాబట్టి డబ్బు సాకు చెప్పి ఆపాల్సిన పని లేదు. వేప, పసుపు, ఇక్కడి నేలలోని సూక్ష్మజీవులు లాంటి జీవవనరుల మీద ఆధారపడిన పని అయితే జీవవైవిధ్య చట్టం కింద చేయాల్సినవి కూడా మొదట్లోనే ఐపీ సెల్‌ను అడిగి తెలుసుకోండి.

ఇక సంతకాల సంగతి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకుడు ఒకరు డీఎన్ఏను ఎన్నో కాపీలుగా పెంచే పీసీఆర్ పద్ధతి నేర్చుకోవడానికి సీటస్ అనే కంపెనీ ల్యాబ్‌కు వెళ్లాడు. లోపలికి రానివ్వాలంటే సంతకం పెట్టాలన్నారు, పెట్టాడు. నా హక్కులు "రాసిస్తాను" అని అంతకుముందు యూనివర్సిటీకి ఇచ్చిన కాగితంలో ఉంది. "ఇందుమూలంగా రాసిస్తున్నాను" అని కంపెనీ కాగితంలో ఉంది. ఏళ్ల తర్వాత ఒంట్లో హెచ్ఐవీ పరిమాణం కొలిచే పద్ధతిపై పేటెంట్ల పేచీ వచ్చింది. అప్పటికి సీటస్ పీసీఆర్ వ్యాపారం రోష్ అనే మందుల కంపెనీ చేతికి వెళ్లింది. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయి, 2011లో స్టాన్‌ఫర్డ్ ఓడింది. కాబట్టి మీ విద్యార్థి ఇంటర్న్‌షిప్‌కనో, పరికరం వాడుకోవడానికనో పరిశ్రమకు వెళ్తుంటే, గేటు దగ్గర ఇచ్చే ఫారం ఫొటో తీసి ముందు మీకు పంపమనండి. చదివాకే సంతకం.

మూడో అడుగు: యూనివర్సిటీకి ఏం ఇస్తారో మాట్లాడుకోండి

మూడు దారులున్నాయి: ఒకేసారి ఫీజు, అమ్మకాల మీద రాయల్టీ, కంపెనీలో వాటా. మొదటి రోజుల్లో మీ దగ్గర డబ్బు ఉండదు. కాబట్టి ముందస్తు ఫీజు తగ్గించి, వాటానో రాయల్టీనో ఇవ్వడం మేలని నా అభిప్రాయం. పైన చెప్పిన 2019 విధానంలో సంస్థ ఇచ్చే చోటు, సేవలు, ఐపీని బట్టి 2 నుంచి 9.5 శాతం వాటా తీసుకోవచ్చని ఉంది. అంతకు మించి అడిగితే ఆ పాలసీ ముందు పెట్టి మర్యాదగా మాట్లాడండి.

వాటా ఇవ్వడం యూనివర్సిటీకి నష్టమని వాదించే ఫైనాన్స్ ఆఫీసర్లు ఉంటారు. వాళ్లకు గూగుల్ సంగతి చెప్పండి. వెబ్ పేజీలకు ర్యాంకులిచ్చే పద్ధతిపై పేటెంట్ స్టాన్‌ఫర్డ్‌ది. లైసెన్సుకు బదులుగా యూనివర్సిటీ 18 లక్షల షేర్లు తీసుకుంది. 2005లో వాటిని అమ్మితే 33.6 కోట్ల డాలర్లు వచ్చాయి. ఇంత అదృష్టం ప్రతి ల్యాబ్‌కూ పట్టదు నిజమే, కానీ చిన్న కంపెనీని మొదట్లోనే ఫీజుతో నొక్కేస్తే వచ్చేది మాత్రం సున్నా.

ఇదే సమావేశంలో గైడ్ పాత్ర కూడా తేల్చండి. ఆయన కంపెనీలో వాటాదారు, అదే సమయంలో మీ థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి. ఇద్దరి మధ్య ఎంత గౌరవం ఉన్నా ఈ రెండు పాత్రలు ఒకరి చేతిలోనే ఉండటం ఇద్దరికీ మంచిది కాదు. డాక్టోరల్ కమిటీలో కంపెనీతో సంబంధం లేని మరో ప్రొఫెసర్‌ను కో-గైడ్‌గా పెట్టమని అడగండి. కంపెనీ పని చేసే జూనియర్ విద్యార్థులకు కంపెనీయే జీతమో స్టైఫండో ఇవ్వాలి. "సార్ చెప్పారు కదా" అని రాత్రుళ్లు ఉచితంగా పనిచేయించుకోవడం ఎంత చిన్న ఊళ్లోని కాలేజీలోనైనా తప్పే. ఆ పిల్లల పేర్లు పేటెంట్ మీద ఉండాల్సి ఉంటే ఉండాలి, మొహమాటం లేకుండా.

నాలుగో అడుగు: మొదటి డబ్బు

దీని మీద సమాచారం బోలెడంత దొరుకుతుంది, క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. నమూనా తయారీకి కేంద్ర ప్రభుత్వ పథకం నిధి-ప్రయాస్ కింద 10 లక్షల వరకు వస్తాయి. బయోటెక్, వైద్య పరికరాలైతే ఆ రంగానికి సాయం చేసే కేంద్ర సంస్థ బైరాక్ వారి బిగ్ గ్రాంటు 18 నెలలకు 50 లక్షల వరకు ఉంటుంది. 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో నిరూపణ దశకు 20 లక్షల వరకు గ్రాంటు, మార్కెట్ దశకు 50 లక్షల వరకు రుణం లేదా కన్వర్టిబుల్ డిబెంచర్ల (తర్వాత షేర్లుగా మార్చుకోగల రుణపత్రాల) రూపంలో ఇచ్చేలా పెట్టారు. దరఖాస్తుకు ముందు ఆయా సంస్థల తాజా ప్రకటన చూసుకోండి. సీడ్ ఫండ్, ప్రయాస్ లాంటివి ఇంక్యుబేటర్ల ద్వారానే వస్తాయి కాబట్టి ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్ సీఐఈ, హైదరాబాద్ పరిశోధనా సంస్థ సీసీఎంబీలోని అటల్ ఇంక్యుబేషన్ సెంటర్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆస్పైర్, జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ, ఆంధ్రా యూనివర్సిటీ ఆ-హబ్ లాంటి చోట్ల మీ రంగానికి తగింది చూసుకోండి. గది ఎంత పెద్దదని అడగొద్దు. మీకు కావాల్సిన పరికరం అక్కడ ఉందా, దాన్ని నడపగలిగే టెక్నీషియన్ ఉన్నాడా అని అడగండి.

ఒక్క హెచ్చరిక. గ్రాంటు గడువు కోసం మొదటి కాగితం మీది ప్రశ్నలను మార్చకండి. గ్రాంటు రిపోర్టులో చూపించడానికి తేలికైన ప్రశ్నలనే పరిష్కరిస్తూ పోయిన కంపెనీకి రెండేళ్ల తర్వాత కూడా కొనేవాడు దొరకడు.

ఐదో అడుగు: పరిశ్రమ భాగస్వామి దగ్గరికి చిన్న పనితో వెళ్లండి

ప్రొఫెసర్లు, స్పిన్-ఆఫ్, పెద్ద కంపెనీ ముగ్గురూ కలిసి చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇన్సులిన్ కథ. 1976లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ శాస్త్రవేత్త హెర్బర్ట్ బోయర్, పెట్టుబడి రంగంలోంచి వచ్చిన రాబర్ట్ స్వాన్‌సన్ కలిసి జెనెన్‌టెక్ పెట్టారు. మనిషి ఇన్సులిన్‌ను బ్యాక్టీరియాతో తయారుచేయించడం వాళ్ల గురి. కానీ నేరుగా ఇన్సులిన్ మీదికి పోలేదు. అందులో 51 అమైనో ఆమ్లాలున్నాయి. ముందు 14 అమైనో ఆమ్లాలే ఉన్న సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌తో ప్రయత్నించారు. దాని జన్యువును కృత్రిమంగా తయారుచేసే నేర్పు సిటీ ఆఫ్ హోప్ పరిశోధనా కేంద్రంలోని ఇటాకురా, రిగ్స్‌ల దగ్గర ఉంది కాబట్టి వాళ్లతో చేయి కలిపారు. 1977లో అది పనిచేసింది. 1978 ఆగస్టులో ఇన్సులిన్ కూడా వచ్చింది. వెంటనే ఎలి లిల్లీ కంపెనీతో ఒప్పందం కుదిరింది. ఇన్సులిన్‌ను శుద్ధి చేయడం, రోగులపై పరీక్షలు, ప్రభుత్వ అనుమతి, అమ్మకాలు లిల్లీకి దశాబ్దాలుగా తెలిసిన పనులు. 1982లో ఆ ఇన్సులిన్‌కు అమెరికాలో అనుమతి దొరికింది.

లిల్లీ లాంటి కంపెనీ మీ మాట వినాలంటే మీ దగ్గర 14 అమైనో ఆమ్లాలంత పని పూర్తయి ఉండాలి. పూర్తి యంత్రం అక్కర్లేదు. మీ పద్ధతిలో ఎవరూ నమ్మని ఒక్క ముక్క నిజమని చూపించగలిగితే చాలు.

ఇప్పుడు పైలట్, అంటే చిన్న ఎత్తున వాడి చూసే ప్రయోగం సంగతి. పెద్ద కంపెనీల్లో ఆర్ అండ్ డీ వాళ్లకు మీ పని నచ్చుతుంది, టీ ఇస్తారు, ల్యాబ్ చూపిస్తారు. కొనేది మాత్రం ప్లాంట్ హెడ్, పర్చేజ్, ఫైనాన్స్. మొదటి మీటింగ్‌లోనే "ఈ పైలట్ సఫలమైతే తర్వాతి ఆర్డరు ఎవరి బడ్జెట్‌లోంచి వస్తుంది?" అని అడగండి. జవాబు లేకపోతే వాళ్లకు కావాల్సింది కబుర్లే. జవాబు ఉంటే ఒకటే పేజీలో ఇవి రాయించుకోండి: ఏం కొలుస్తాం, ఎంత వస్తే సఫలం అంటాం, ఎన్ని వారాలు, ఖర్చు ఎవరిది, వచ్చిన డేటా ఎవరిది, సఫలమైతే ఎన్ని యూనిట్లకు ఆర్డరు. పైలట్‌కు చిన్న మొత్తమైనా సరే డబ్బు అడగండి. ఉచితంగా వచ్చిన యంత్రం గోదాములో పడి ఉంటుంది. 50 వేలు కట్టిన యంత్రం గురించి మాత్రం నెలకోసారైనా ఎవరో ఒకరు అడుగుతారు.

అన్నట్టు, ఈ ప్రయాణం క్యాంపస్ నుంచే మొదలవ్వాలని లేదు. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు వరప్రసాద్ రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టినప్పుడు కంపెనీకి సొంత ల్యాబ్ లేదు. ముందు ఉస్మానియా యూనివర్సిటీలో, ఆ తర్వాత సీసీఎంబీలో చోటు తీసుకుని పరిశోధన నడిపారు. 1997లో దేశంలోనే మొదటి రీకాంబినెంట్ (జన్యు ఇంజనీరింగ్‌తో తయారైన) హెపటైటిస్-బి టీకా అక్కడి నుంచి వచ్చింది. మీరు విద్యాసంస్థ బయట ఉండి ఈ వ్యాసం చదువుతుంటే, తట్టాల్సిన తలుపు మీ ఊరి యూనివర్సిటీదే కావచ్చు.

ఆరో అడుగు: ఒప్పందంలో కళ్లు పెట్టి చూడాల్సిన వాక్యాలు

జెనెన్‌టెక్ కథ అక్కడితో అయిపోలేదు. సిటీ ఆఫ్ హోప్‌తో 1976లో రాసుకున్న ఒప్పందంలో అమ్మకాల మీద 2 శాతం రాయల్టీ అని ఉంది. జెనెన్‌టెక్ ఆ పేటెంట్లను వేరే కంపెనీలకు లైసెన్సు ఇచ్చినప్పుడు వచ్చే డబ్బులోనూ వాటా ఉందా, లేదా? చదివిన ఇద్దరికీ రెండు రకాలుగా అర్థమైంది. దాదాపు పాతికేళ్ల తర్వాత కోర్టుకెక్కారు. చివరికి 2008లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, జెనెన్‌టెక్ 30 కోట్ల డాలర్లు చెల్లించాలన్న తీర్పును నిలబెట్టింది, జరిమానాగా వేసిన మరో 20 కోట్లను మాత్రం కొట్టేసింది. రెండు వైపులా గొప్ప శాస్త్రవేత్తలే, ప్రాణాలు నిలబెట్టిన పనే. తేడా వచ్చింది ఒక్క క్లాజు దగ్గర.

కాబట్టి లాయరుకు ఇచ్చే ముందు మీరే ఈ విషయాలు తేల్చుకోండి. కలిసి పని మొదలుపెట్టే నాటికి ఎవరి దగ్గర ఏమేం ఉన్నాయో జాబితా జతచేయండి, లేకపోతే మీరు అయిదేళ్లు కష్టపడి చేసింది కూడా "కలిసి చేసినదే" అయిపోతుంది. కలిసి చేసినదాన్ని ఎవరు ఏ రంగంలో వాడుకోవచ్చో విడగొట్టండి. మీ సెన్సర్ పాల కంపెనీకి ఒక రకంగా, ఆస్పత్రికి ఇంకో రకంగా పనికొస్తుంది. పాల కంపెనీకి పాడి రంగం వరకే ప్రత్యేక హక్కు ఇస్తే ఆస్పత్రి దారి మీకు తెరిచే ఉంటుంది. ప్రత్యేక హక్కుకు గడువు, కనీస కొనుగోలు రెండూ ఉండాలి: "రెండేళ్లు, ఏటా కనీసం ఇన్ని యూనిట్లు, లేకపోతే హక్కు రద్దు". సబ్‌లైసెన్సు, అంటే తీసుకున్న లైసెన్సును ఇంకొకరికి ఇవ్వడం ద్వారా వచ్చే డబ్బులో ఎవరి వాటా ఎంతో అంకెలో రాయండి. భాగస్వామి కంపెనీని ఇంకొకరు కొనేస్తే ఏమవుతుందో కూడా రాయండి.

ప్రొఫెసర్ల తరఫున ఒక మాట గట్టిగా చెప్పాలి. పేపరు వేయడం వాళ్లకు జీవనాధారం, విద్యార్థికి డిగ్రీ. పరిశ్రమవాళ్లు "ప్రచురించకూడదు" అని రాస్తే ఒప్పుకోకండి. "ప్రచురణకు ముందు 60 రోజులు చూడటానికి ఇస్తాం, ఆలోపు పేటెంట్ వేయాల్సి ఉంటే వేసుకోండి" అని మార్చమనండి. చాలా కంపెనీలు దీనికి ఒప్పుకుంటాయి. ఒప్పుకోని కంపెనీ పనిని విద్యార్థి థీసిస్‌లో పెట్టొద్దు, జీతం తీసుకునే ఇంజనీరుకు ఇవ్వండి.

ఏడో అడుగు: రెండు క్యాలెండర్ల మధ్య పని నడపడం

ఇక రోజువారీ సంగతులు. ల్యాబ్‌కు సెమిస్టర్లు, పరీక్షలు, సెలవులు ఉంటాయి. ఫ్యాక్టరీకి మార్చి నెలాఖరు, షట్‌డౌన్ వారాలు, ఆడిట్ ఉంటాయి. రెండింటినీ ఒకే గోడ క్యాలెండర్ మీద గీసుకుంటే, ఏడాదిలో ఇద్దరూ తీరిగ్గా ఉండేది కొన్ని నెలలేనని కనిపిస్తుంది. అసలు ప్రయోగాలు ఆ నెలల్లో పెట్టుకోండి.

ఇద్దరి మధ్య తిరిగే మనిషి ఒకరు కచ్చితంగా ఉండాలి. ఆ మనిషికి ల్యాబ్ నోట్‌బుక్ చదవడం, ఫ్యాక్టరీ డ్రాయింగ్ చదవడం రెండూ రావాలి. వారానికి రెండు రోజులు అక్కడ, మూడు రోజులు ఇక్కడ ఉండాలి. స్పిన్-ఆఫ్‌లో మొదటి జీతం ఇవ్వాల్సింది సీఈఓకు కాదు, ఈ మనిషికి. ప్రొఫెసర్ ఫోన్‌లో చెప్పింది ఫోర్‌మన్‌కు ఒకలా అర్థమవుతుంది. ఫోర్‌మన్ "పట్టు రావట్లేదు" అన్నది ప్రొఫెసర్‌కు అసలు అర్థం కాదు. పక్కన నిలబడి చూసినవాడే ఆ రెండు మాటలనూ కలపగలడు.

ఫెయిలైన ప్రయోగాలను కూడా పంచుకునే అలవాటు మొదటి నెల నుంచే పెట్టండి. ప్రతి శుక్రవారం ఒక పేజీ: ఏం చేశాం, ఏం పాడైంది, వచ్చే వారం ఏం మారుస్తాం. పరిశ్రమవాళ్లు చెడు వార్తకు భయపడరు, ఆలస్యంగా తెలిసిన చెడు వార్తకు భయపడతారు.

ఓపిక ఎంత కావాలో రాకెట్లు తయారుచేసే అగ్నికుల్ చూపిస్తుంది. ఐఐటీ మద్రాస్‌లోని జాతీయ దహన పరిశోధన కేంద్రం అండతో 2017లో మొదలైన కంపెనీ అది. దహనశాస్త్రం ప్రొఫెసర్ సత్య చక్రవర్తి బృందం నుంచి వచ్చింది, ప్రయోగానికి చోటు శ్రీహరికోటలో ఇస్రో ఇచ్చింది. 3డీ ప్రింటింగ్‌తో ఒకే ముక్కగా తయారుచేసిన సెమీ-క్రయోజెనిక్ (అతి చల్లని ద్రవ ఆక్సిజన్‌తో మామూలు ద్రవ ఇంధనాన్ని మండించే) ఇంజిన్‌తో వాళ్ల అగ్నిబాణ్ సార్టెడ్ రాకెట్ ఎగిరింది 2024 మే 30న. అంతకుముందు నాలుగుసార్లు ప్రయోగం ఆపేశారు. ఆపిన ప్రతిసారీ కారణం వెతికి, సరిచేసి, మళ్లీ నిలబెట్టారు. ఏడేళ్లు నిలబడగలిగేలా భాగస్వామ్యం కట్టుకున్నారు కాబట్టే అది వీలైంది. మీ ఎంఓయూ గడువు ఒక్క ఏడాదే ఉంటే ఈ రకం పని అందులో పట్టదు.

భాగస్వామ్యం మాటల్లో కరిగిపోకుండా ఉండటానికి ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్క్ మంచి పద్ధతి పెట్టింది. అక్కడ చోటు తీసుకున్న కంపెనీ ఐఐటీతో కలిసి పనిచేసి క్రెడిట్లు సంపాదించాలి. విద్యార్థులను ఇంటర్న్‌లుగా తీసుకోవడం, ల్యాబ్‌కు ప్రాజెక్టు ఇవ్వడం లాంటివన్నీ లెక్కలోకి వస్తాయి. మీ ఒప్పందం చిన్నదైనా ఇలా లెక్కపెట్టగలిగే పనులు నాలుగు రాసుకోండి. ఆరు నెలలకోసారి కూర్చుని ఎన్ని జరిగాయో చూడండి.

ఎనిమిదో అడుగు: పరీక్షలు, బిల్లులు

వైద్య పరికరమైతే 2017 నిబంధనల ప్రకారం అది ఏ, బీ, సీ, డీ తరగతుల్లో దేనిలోకి వస్తుందో డిజైన్ దశలోనే తేల్చుకోండి. పరీక్షల కోసం విశాఖలోని మెడ్‌టెక్ జోన్‌ను తప్పక సంప్రదించండి. కాలేజీ ల్యాబ్ ఇచ్చిన టెస్ట్ రిపోర్టు పేపరుకు సరిపోతుంది, కొనేవాడికి మాత్రం గుర్తింపు ఉన్న ల్యాబ్ రిపోర్టు కావాలి.

కంపెనీ పెట్టగానే చిన్న పరిశ్రమగా గుర్తింపు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే వడ్డీ అడిగే హక్కు ఉంది. పెద్ద కంపెనీ 120 రోజుల షరతు రాస్తే, మొహమాటపడకుండా ఈ సంగతి గుర్తుచేయండి. చిన్న కంపెనీ చాలాసార్లు మూతపడేది టెక్నాలజీ పనిచేయక కాదు, రావాల్సిన బిల్లు రాక.

తొమ్మిదో అడుగు: క్యాంపస్ నుంచి బయటికి

ఆర్డర్లు మొదలయ్యాక ల్యాబ్ బల్ల మీద తయారీ చేయకండి. సంస్థకు అది ఇబ్బంది, ఆడిట్‌లో మీకూ ఇబ్బంది. బాలానగర్‌లోనో, ఆటోనగర్‌లోనో చిన్న షెడ్డు చాలు. రిజిస్టర్డ్ చిరునామా, కరెంటు మీటరు, రసాయనాల కొనుగోలు కంపెనీ పేరు మీదికి మార్చండి. సంస్థ పరికరాలు వాడుతూనే ఉంటే గంటకింత అని బిల్లు కట్టి రసీదు తీసుకోండి.

ల్యాబ్‌తో బంధం మాత్రం తెంచుకోవద్దు. మొదటి కాగితం మళ్లీ తీయండి. లోకంలో ఎవరికీ జవాబు తెలియని ప్రశ్నలు ఇంకా రెండు మూడు మిగిలే ఉంటాయి, కొత్తవీ వచ్చి చేరి ఉంటాయి. వాటిలో ఒకటి ఎంచుకుని మీ పాత డిపార్ట్‌మెంట్‌కు స్పాన్సర్డ్ ప్రాజెక్టుగా ఇవ్వండి. ఈసారి డబ్బు మీది, స్కాలరు వాళ్లది. ఆ స్కాలరుకు పేపరు వేసుకునే హక్కు మీరే ముందుగా రాసివ్వండి.

షెడ్డుకు మారే ముందు ఒక పరీక్ష పెట్టండి. మీ పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా కాగితం మీద రాసి, మీ బృందంలో లేని ఒక డిప్లొమా కుర్రాడి చేతికి ఇవ్వండి. పక్కన నిలబడి చూడండి, నోరు మాత్రం విప్పొద్దు. ఎక్కడ ఆగాడో, ఏ గీత దగ్గర మీ వైపు చూశాడో రాసుకుని ఆ కాగితం దిద్దండి. మీ సాయం లేకుండా వరుసగా మూడు బ్యాచ్‌లు ఒకే ఫలితం ఇచ్చాక లారీ మాట్లాడుకోండి.